పెద్దమ్మ తీసిన వీపు

మా పెద్దమ్మకి నీడంటే గిట్టేది కాదు. చెట్టు నీడ, గోడ నీడ కాదు, మనిషి ముఖం మీద పడే నీడ. ముక్కు కింద కాస్త నలుపు కనిపిస్తే చాలు, ఆ ఫొటో పక్కన పడేసి మళ్ళీ తీసేది. "నీడ పడిందంటే ఫొటో తీసినవాడికి బద్ధకమని అర్థం" అనేవాడు మా తాతయ్య. ఆయన దగ్గరే ఈవిడ పని నేర్చుకుంది.

గొడుగులు బాగుచేసే కొట్టు పక్క నుంచి పదహారు మెట్లెక్కితే వాళ్ళ స్టూడియో. నాలుగు గోడలకీ తెల్ల రంగు. మధ్యలో ఒక స్టూలు, దాని వెనక తెల్ల తెర, అటొకటి ఇటొకటి రెండు లైట్లు, వాటికి తగిలించిన రెండు తెల్ల గొడుగులు. కింది కొట్టాయన ఎప్పుడు పైకొచ్చినా "మా గొడుగులు వానకి, మీ గొడుగులు వెలుతురుకి" అని ఒకటే జోకు వేసేవాడు. ఇరవై రెండేళ్ళపాటు ఆ జోకుకి నవ్వడం ఎంత కష్టమో పెద్దమ్మని అడగాలి.

తాతయ్య చేతులు వణకడం మొదలయ్యాక కెమెరా ఈవిడ చేతికొచ్చింది. అప్పటికి ఆవిడకి ఇరవై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. "ఎవరైనా అడిగితే కదా" అని తేల్చేసేది గానీ, అడిగినవాళ్ళు ఇద్దరున్నారని మా అమ్మ నాకు చాటుగా చెప్పింది. రోజుకి ముప్ఫై నలభై ముఖాలు. గుర్తింపు కార్డులకి, దరఖాస్తులకి. "గడ్డం కొంచెం దించండి. భుజాలు సమానంగా పెట్టండి. నవ్వొద్దు. రెప్ప వెయ్యొద్దు. అయిపోయింది." ఈ ముక్కలు నిద్రలో కూడా కలవరించేదని అమ్మ వెక్కిరించేది. పేరు మాత్రం మంచిదే. ఆవిడ దగ్గర ఫొటో దిగితే మొటిమలు కూడా మర్యాదగా తప్పుకుంటాయని వీధిలో అనుకునేవాళ్ళు.

చొక్కా రెండో బొత్తానికి కింద మనిషిని ఆవిడ ఎన్నడూ ఫొటో తీసి ఎరగదు.

అలాంటి స్టూడియోకి ఒకరోజు పొద్దున్నే డ్రాయింగ్ మాస్టారు వచ్చాడు. రెండు వీధుల అవతల బొమ్మలు గీయడం నేర్పే బడి ఉంది, దానికి ఆయనే పెద్ద. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"మా పిల్లలకి మనిషి ఒళ్ళు గీయడం నేర్పాలి. ముప్ఫై ఏళ్ళుగా ఒక్కడే మనిషి మాకు నిలబడుతున్నాడు. ఇప్పుడు ఆయన మోకాలు అరిగింది. మూడేసి గంటలు నిలబడమని అడగలేకపోతున్నాను. మీరు ఫొటోలు తీసిపెడితే వాటిని చూసి గీసుకుంటారు. వీపు, ఛాతీ, చేతులు, కాళ్ళు. ఒక ఇరవై భంగిమలు."

"బట్టలతోనా?" అంది పెద్దమ్మ.

"నిక్కరుతో" అన్నాడు మాస్టారు. "చొక్కాతో వీపు గీస్తే చొక్కా వస్తుంది గానీ వీపు రాదు కదమ్మా."

ఆ మాట ఇంట్లో చెప్పగానే అమ్మ గయ్యిమంది. "ఈ వయసులో నీకిదేం పని అక్కా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురి ఫొటోలూ నా దగ్గరే ఉన్నాయి. ఏమన్నా అనుకుంటే కళ్ళు మూసుకున్నవి బయటపెడతాను" అంది పెద్దమ్మ. పైకలా అన్నది గానీ, లోపల తనకీ బెరుకుగానే ఉండిందట.

మర్నాడు ఆ మనిషి వచ్చాడు. అరవై రెండేళ్ళు. ఒకప్పుడు మార్కెట్లో బస్తాలు మోసిన మనిషి. తెల్లవారుజామున బస్తాలు, పొద్దెక్కాక బొమ్మల బడి, అలా చాన్నాళ్ళు గడిచాయి. ఒళ్ళు బరువులు మొయ్యనన్నాక బడి ఒక్కటే మిగిలింది. ఈగ వాలినా కదలడని పిల్లలు స్తంభం తాత అని పేరు పెట్టారు. ఆయనకీ ఆ పేరు నచ్చింది. తలుపు కొట్టి, "నేనమ్మా, స్తంభాన్ని" అన్నాడు.

తెర వెనక్కి వెళ్ళి, చొక్కా, ప్యాంటు మడతపెట్టి, నిక్కరుతో వచ్చి ఏ తొట్రుపాటూ లేకుండా నిలబడ్డాడు. తొట్రుపడింది పెద్దమ్మే. లైటు స్టాండు మర ఊరికే బిగించడం, విప్పడం, మళ్ళీ బిగించడం. ఆయన కాసేపు చూశాడు.

"చెల్లెమ్మా, మీకు కొత్త అనుకుంటా. నాకు అలవాటే. మీరు నన్ను కుర్చీ అనుకోండి. కాళ్ళున్న కుర్చీ."

పెద్దమ్మ నవ్వేసింది. దాంతో చెయ్యి కుదురుకుంది. గంటన్నరలో ఇరవై భంగిమలూ తీసేసింది. తనకి వచ్చిన పద్ధతిలోనే తీసింది, అటు గొడుగు, ఇటు గొడుగు, ఎక్కడా పిసరంత నీడ లేకుండా. ఎంతో శుభ్రంగా వచ్చాయనుకుంది.

ఆ మధ్యాహ్నమే మాస్టారు వచ్చి, ఫొటోలు బల్ల మీద పరుచుకుని ఒక్కొక్కటీ చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు. "ఏమనుకోకండి. ఇందులో మనిషి లేడు. ఇస్త్రీ చేసి ఆరేసినట్టున్నాడు."

పెద్దమ్మకి చురుక్కుమంది. "ఎక్కడుంది లోపం? ఒక్క నీడ చూపించండి."

"అదేనమ్మా లోపం. ఎముక ఎక్కడ లేచిందో, కండ ఎక్కడ లోతుకి వెళ్ళిందో నీడే కదా చెప్పాలి. ముఖమైతే కళ్ళున్నాయి, మూతి ఉంది, వాటి పని అవి చేసుకుంటాయి. వీపుకి ఏముంది? వెలుతురు ఒక్కటే దిక్కు."

ఆయన వెళ్ళాక పెద్దమ్మ స్టూడియో మూసేసింది. ఇరవై రెండేళ్ళలో పనిదినాన మధ్యాహ్నం తలుపు మూయడం అదే మొదలు. తాతయ్య అప్పటికి పోయి ఆరేళ్ళయింది. ఆయనుంటే పోట్లాడేదట. లేడు కాబట్టి ఆ మంటంతా తన మీదే చూపించుకుంది.

మర్నాడు పొద్దున్న తిన్నగా బొమ్మల బడికి వెళ్ళి పిల్లల వెనక బల్ల మీద కూర్చుంది. పెద్ద గది. ఒక పక్కన మాత్రమే ఎత్తుగా కిటికీలు. స్తంభం తాత మోకాలికి దన్నుగా ఒక ఎత్తు స్టూలు పెట్టుకుని, సగం నిలబడి సగం కూర్చుని ఉన్నాడు. కిటికీ వెలుతురు ఆయన ఎడమ భుజం మీద నుంచి జారి, రెక్క ఎముక దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత చీకటి. ఆ చీకట్లోంచి మళ్ళీ పక్కటెముకలు ఒకటి రెండు సన్నగా తేలాయి. నిన్న తన ఎదుట గంటన్నర నిలబడ్డ మనిషే. ఆ మనిషికి ఇంత వీపుందని తను గమనించనే లేదు.

మధ్యలో విరామమిచ్చారు. ఆయన చొక్కా భుజాల మీద వేసుకుని టీ గ్లాసుతో పెద్దమ్మ పక్కనొచ్చి కూర్చున్నాడు.

"అన్నయ్యా, వెలుతురు ఎక్కడ పడుతోందో నీకు తెలుస్తుందా?" అని అడిగింది.

"తెలియకేం? ముప్ఫై ఏళ్ళు ఇదే కిటికీ. కళ్ళు మూసుకున్నా చెప్తాను. వేడిని బట్టి తెలుస్తుంది. తొమ్మిదింటికి చెవి వెనక మొదలవుతుంది. పదింటికి భుజం. పదకొండుకి వెన్ను మధ్యకి వస్తే పిల్లలందరి పెన్సిళ్ళూ ఒక్కసారి చప్పుడు చేస్తాయి. అంటే అప్పుడు బాగా కనిపిస్తున్నానన్నమాట." ఒక గుక్క తాగి మళ్ళీ అన్నాడు. "నిన్న మీ దగ్గర రెండు పక్కలా ఒకటే వేడి. ఎటు తిరిగినా ఒకటే. నాకూ ఏదో తేడాగానే ఉంది. కానీ మీరు పనిలో ఉన్నారు, నేను కుర్చీని కదా, ఏం చెప్తాను?"

"చెప్పి ఉంటే బాగుండేది."

"కుర్చీ మాట్లాడితే మీరు కెమెరా వదిలేసి పారిపోరూ!"

అక్కడి నుంచి ఒక వారం రోజులు పెద్దమ్మకి అదే పని. ముందు ఒక లైటు తీసేసింది. లాభం లేకపోయింది. నీడ పడాల్సిన చోట మసక తెలుపు వస్తోంది. లైటు పక్కకి జరిపింది, వెనక్కి జరిపింది, నిచ్చెన మీద పెట్టింది. ఊహూఁ. మూడో రోజుకి గానీ అసలు దొంగ దొరకలేదు. గోడలు! నాలుగు పక్కలా తెల్ల గోడలు వెలుతురుని పట్టుకుని మళ్ళీ మనిషి మీదకే విసురుతున్నాయి. అమ్మ దగ్గరున్న నల్ల దుప్పట్లు రెండూ పట్టుకుపోయింది. చాలకపోతే బట్టల కొట్టుకెళ్ళి నల్లగుడ్డ తానొకటి కొనుక్కొచ్చింది. మేకులు కొట్టి గోడలన్నీ కప్పేసింది. కింది గొడుగులాయన సుత్తి చప్పుడుకి పైకొచ్చి, ఆ గది చూసి, జోకు కూడా మర్చిపోయి దిగిపోయాడట.

లైటు మరీ విచ్చుకుంటోందని ఇంకో ఉపాయం పన్నింది. పళ్ళరసం కొట్లో వాడే గొట్టాలు రెండొందలు కొని, వేలెడంత ముక్కలుగా కోసి, జిగురుతో తేనెపట్టులా అంటించి, నల్ల రంగు పూసి, లైటుకి మూతిలా తగిలించింది. దాంతో వెలుతురు చెదరకుండా, చెప్పిన చోట మాత్రమే పడింది. ఆ జిగురు వాసన ఆవిడ చేతులకి నాలుగు రోజులు వదల్లేదని అమ్మ ఇప్పటికీ సణుగుతుంది.

స్తంభం తాత మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆయన స్టూలు మీద వెనక్కి తిరిగి కూర్చున్నాడు. పెద్దమ్మ లైటుని ఆయనకి పక్కగా, కాస్త వెనక్కి, తలకంటే మూరెడు ఎత్తులో పెట్టింది. వెలుతురు వీపుని గుచ్చకుండా రాసుకుంటూ పోవాలి. అంతే ఆలోచన.

"ఎక్కడుంది అన్నయ్యా వేడి?"

"భుజం మీద."

"ఇప్పుడు?"

"కొంచెం కిందికి దిగింది... ఇంకొంచెం... ఆ, ఇప్పుడు వెన్నుకి తగిలింది. పదకొండయింది చెల్లెమ్మా!"

కెమెరాలోంచి చూసిన పెద్దమ్మకి చెయ్యి ఆగిపోయిందట. వెన్నెముక పొడుగునా లోతైన గాడి. దానికి అటూ ఇటూ తాళ్ళలా లేచిన కండలు. ఒక భుజం రెండో దానికంటే బెత్తెడు కిందికి ఉంది. మెడ వెనక, ఏళ్ళ తరబడి బస్తాలు ఆన్చుకున్న చోట, గుప్పెడంత కాయ. చర్మం ముదిరి, గట్టిపడి, దాని అంచు మీద సన్నగా ఒక వెలుతురు గీత. ఆ రోజు పద్నాలుగు ఫొటోలు తీసింది. ఒక్క దాంట్లోనూ ముఖం లేదు. ప్రతిదాంట్లోనూ మనిషి ఉన్నాడు.

మాస్టారు వాటిలో ఒక వీపు ఫొటో చూసి లేచి నిలబడ్డాడు. "దీన్ని పెద్దది చేయించి మా వార్షిక ప్రదర్శనలో పెడతాను" అన్నాడు. పెద్దమ్మ పొంగిపోయింది. ఆవిడ జీవితంలో తీసిన ఫొటో ఏదీ అరచేతికంటే పెద్దది కాలేదు మరి. ఆ పొంగులో ఒక మాట అడగడం మర్చిపోయింది. మాస్టారూ మర్చిపోయాడు.

ప్రదర్శన రోజుల్లో తరగతులుండవు కనక స్తంభం తాత అటు వెళ్ళలేదు. మొదలైన మూడో రోజు, స్టూడియోకి ముప్ఫై ఏళ్ళ అమ్మాయి వచ్చింది. భుజానికి ఆఫీసు బ్యాగు. గుర్తింపు కార్డు ఫొటో కోసమనుకుని పెద్దమ్మ స్టూలు చూపించింది.

"కూర్చోడానికి రాలేదండీ" అందా అమ్మాయి. "ఆ బడిలో గోడంత ఫొటో పెట్టారే, ఆ వీపు మా నాన్నది. తీసింది మీరేనట."

పెద్దమ్మకి ముందు సంతోషమే వేసింది. "అవునమ్మా! చూశావా?"

"మా ఆఫీసువాళ్ళు పదిమంది కలిసి వెళ్ళాం. అందరూ దాని ముందు నిలబడి, 'అబ్బ, ఆ కాయ చూడు, పాపం ఎవరో' అంటుంటే నేను అవతలి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నాన్న ఆ బడిలో ఊడుస్తాడని, నీళ్ళు పెడతాడని మాకు చెప్పాడు. నా చిన్నప్పటి నుంచీ అదే చెప్పాడు. ఇలా నిలబడతాడని నాకు ఆ గోడ చెప్పాలా?" "ఆయన్ని అడిగారా మీరు? గోడకి ఎక్కిస్తామని ఒక్క మాట అడిగారా?"

పెద్దమ్మ ఆ స్టూలు మీద తనే కూర్చుండిపోయింది. అడగలేదు. ఆ అమ్మాయి చెప్పేదాకా, అడగాలని కూడా తోచలేదు. కుర్చీ అనుకోమంటే నిజంగానే కుర్చీ అనుకున్నానా అని తనని తను తిట్టుకుందట.

ఆ అమ్మాయి వెళ్ళిన పది నిమిషాలకి పెద్దమ్మ బొమ్మల బడిలో ఉంది. గదినిండా జనం. తిన్నగా వెళ్ళి, ఒక కుర్చీ లాక్కుని, ఎక్కి, ఫొటో కొక్కెం మీద నుంచి దించడం మొదలుపెట్టింది. మాస్టారు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారు? అందరూ దీని కోసమే వస్తున్నారు!"

"ఆయన్ని అడిగారా మాస్టారూ?"

"అడగడానికేముంది? ముప్ఫై ఏళ్ళుగా నిలబడుతున్నాడు. అయినా ముఖం కనపడటం లేదు కదా, ఎవరని తెలుస్తుంది?"

"కూతురికి తెలిసింది" అంది పెద్దమ్మ. "మీరు అడగలేదు, నేనూ అడగలేదు. కాస్త ఆ చివర పట్టుకోండి, చట్రం బరువుగా ఉంది."

ఏమనుకున్నాడో ఏమో, మాస్టారు రెండో చివర పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ ఆ ఫొటోని రిక్షాలో పెట్టుకుని స్తంభం తాత ఇంటికెళ్ళారు. మూడో అంతస్తులో రెండు గదుల వాటా. తలుపులోంచి ఫొటో పట్టక ఏటవాలుగా దూర్చాల్సి వచ్చింది. ఇంట్లో ఆయన, ఆయన భార్య, కూతురు. కూతురు వంటగది గుమ్మంలోనే నిలబడింది, లోపలికీ వెళ్ళలేదు, బయటికీ రాలేదు.

"తప్పు చేశాను అన్నయ్యా" అంది పెద్దమ్మ. "ఒక్క మాట అడగాల్సింది. ఇది నీది. చించేస్తావో, దాచుకుంటావో నీ ఇష్టం. కెమెరాలో ఉన్నవి కూడా నువ్వు చెప్తే చెరిపేస్తాను."

ఆయన కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. ఫొటో ఎదుట మంచం మీద కూర్చుని, మోకాలి మీద చెయ్యేసుకుని, చూస్తూ ఉండిపోయాడు. స్తంభం అన్న పేరు ఊరికే రాలేదని ఆ గదిలో అందరికీ అర్థమైంది.

చివరికి అన్నాడు. "ఇదా నా వీపు?"

చేత్తో మెడ వెనక కాయ తడుముకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళు పిల్లలు గీశారు. ఎవడి బొమ్మ వాడిది. ఒకడు లావుగా గీసేవాడు, ఒకడు సన్నగా గీసేవాడు. నా వీపు ఎలా ఉంటుందో నాకెలా తెలుస్తుంది?" భార్య వైపు తిరిగాడు. "ఏమే, ఇలాగే ఉంటుందా?"

ఆవిడ దగ్గరికొచ్చి, చీర చెంగుతో చట్రం మీద దుమ్ము తుడిచి చూసింది. "ఆ కాయ ఇంకొంచెం ఎడమకి ఉంటుందనుకున్నాను" అంది. "రోజూ మందు రాసేది నేనేగా. చీకట్లో రాస్తాను కదా, సరిగ్గా తెలియలేదు." భర్త వైపు చూసి, "నువ్వు బడిలో ఊడుస్తానని చెప్పినప్పుడే అనుకున్నాను. ఇంట్లో చీపురు పట్టుకోవడం రానివాడివి అక్కడేం ఊడుస్తావని" అంది.

ఆయన తెల్లబోయి చూశాడు. "నీకు తెలుసా?"

"ఇరవై ఎనిమిదేళ్ళుగా తెలుసు. చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెప్తావని ఊరుకున్నాను."

గుమ్మంలో ఉన్న కూతురికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. "నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఏమని చెప్పను? బట్టలిప్పి నిలబడతానని బడికెళ్ళే పిల్లకి చెప్తామా? తర్వాత నువ్వు ఉద్యోగస్థురాలివయ్యావు. అప్పుడు చెప్పడానికి ఇంకా సిగ్గేసింది."

"నాకు సిగ్గేసింది నువ్వు నిలబడ్డందుక్కాదు. అందరూ 'పాపం ఎవరో' అంటుంటే, మా నాన్న అని చెప్పలేక నోరు మూసుకున్నానే, అందుకు."

ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత మాస్టారితో అన్నాడు. "దీన్ని మళ్ళీ పెట్టండి. కానీ ఒక్కటే పెట్టొద్దు. చెల్లెమ్మా, నా ముఖంతో ఇంకోటి తీస్తారా? రెండూ పక్కపక్కన పెడితే, ఎవరో అనే మాట ఉండదు."

మర్నాడు పొద్దున్నే తీసింది. కూతురు సెలవు పెట్టి మరీ వచ్చింది. అదే లైటు, అవే నల్లగుడ్డలు. ఈసారి ఆయన భుజం మీదుగా వెనక్కి చూశాడు. సగం ముఖం వెలుతురులో, సగం చీకట్లో. ముక్కు పక్కన ఎంత నీడ పడిందంటే, తాతయ్య చూస్తే కెమెరా లాక్కునేవాడే. కూతురు వెనక నిలబడి, "నాన్నా, నవ్వొచ్చు, ఇది గుర్తింపు కార్డు కాదు" అంది. ఆయన నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడం ఫొటోలో తెలుస్తుంది.

ప్రదర్శన చివరి రెండు రోజులూ ఆ రెండు ఫొటోలూ పక్కపక్కన ఉన్నాయి. కింద ఆయన పేరు, "ఈ బడిలో ముప్ఫై ఏళ్ళుగా నిలబడ్డ మనిషి" అన్న మాట. కూతురు ఆఫీసువాళ్ళని మళ్ళీ తీసుకొచ్చి, ఈసారి తనే ముందు నిలబడి చూపించింది. స్తంభం తాత కొత్త చొక్కా వేసుకుని ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు ఫొటో చూసి, ఆయన్ని చూసి, దగ్గరికొచ్చి మాట్లాడారు. ఒక పెద్దావిడ తన భర్త కూడా బస్తాలే మోసేవాడని చెప్పి, ఆయన మెడ వెనక చూడొచ్చా అని అడిగింది. ఆయన కాలరు దించి చూపించాడు.

ఆ మరుసటి ఏడు ఆయన మోకాలికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు నిలబడటం మానేశాడు. కొత్తగా నిలబడేవాళ్ళకి, దురద పెడితే ఏం చేయాలో, బరువు ఏ కాలి మీద వెయ్యాలో నేర్పుతున్నాడు.

పెద్దమ్మ స్టూడియోలో గుడ్డలు తీసేసి ఒక పక్క గోడలు మళ్ళీ తెల్లగా చేసింది, గుర్తింపు కార్డుల కోసం. రెండో పక్క నల్లగుడ్డలు అలాగే ఉంచేసింది. ఆ పక్కకి రకరకాలవాళ్ళు వస్తున్నారు. బరువులెత్తే అమ్మాయి చేతులు తీసింది. నెలలు నిండిన ఆడవాళ్ళని తీసింది. కింది గొడుగులాయన వేళ్ళు కూడా తీసింది, కమ్మీలు వంచి వంచి వంకరపోయిన వేళ్ళు. తన ఫొటో చూసుకుని ఆయన ఒక జోకూ వెయ్యలేదు.

తీసిన ప్రతి ఫొటో ముందు ఆ మనిషికే చూపిస్తుంది. వద్దంటే, వాళ్ళ ఎదురుగానే చెరిపేస్తుంది. ముగ్గురిలో ఒకరు వద్దంటారట. మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకుంటాడు.

మొన్న వెళ్ళినప్పుడు అడిగాను. "ఇన్నేళ్ళలో నువ్వు తీసినవాటిలో అన్నిటికంటే మంచిది ఏది పెద్దమ్మా?"

నల్లగుడ్డ మడత సరిచేస్తూ అంది. "పోయినేడు ఒకావిడ వచ్చింది. పెద్ద ఆపరేషన్ అయిన మనిషి. రెండు గంటలు కష్టపడి తీశాను. చూసుకుని, చాలాసేపు ఏడ్చి, చాలా బాగుంది, కానీ వద్దండీ అంది."

"చెరిపేశావా?"

"చెరిపేశాను."

"ఎలా ఉండింది?"

"అది ఆవిడది. నీకెందుకు చెప్తాను?" అని లేచి, మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడు విని, తెల్ల గోడల వైపు లైట్లు వేసింది.